తొలి ముద్దతోనే ఎంజైము

క్లోమం దీర్ఘకాలిక వాపుతో దెబ్బతిని, నాలో జీర్ణ ఎంజైముల తయారీ దాదాపు ఆగిపోయింది. కడుపునిండా తింటున్నా బరువు తగ్గాను. మలం పాలిపోయి, జిడ్డుగా, కంపుకొడుతూ నీళ్ల మీద తేలేది. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం తయారుచేసే ఓ ఎంజైము) ఎంతుందో పరీక్ష చేశారు. గ్రాముకు 200 మైక్రోగ్రాములు దాటితే మామూలు, 100 లోపైతే లోపం తీవ్రం. నాది 100 లోపే వచ్చింది. ఈ పరీక్షకు నీళ్ల విరేచనం ఇవ్వకూడదు, పలచబడిపోయి లేని లోపాన్ని చూపిస్తుంది.

ముందు దెబ్బ పడేది కొవ్వు జీర్ణానికే. పిండిపదార్థాలకు లాలాజలంలోని అమైలేజ్, మాంసకృత్తులకు జీర్ణాశయంలోని పెప్సిన్ కొంత ఆసరా. కొవ్వుకు మాత్రం ప్రధాన ఆధారం క్లోమం పంపే లైపేజ్ ఎంజైమే. పైత్యరసం కొవ్వును సన్నటి బిందువులుగా చెదరగొట్టి వదిలేస్తుంది, విడగొట్టే పని లైపేజ్‌దే. పైగా లైపేజ్ మామూలులో పదో వంతుకు పడిపోయేదాకా మలంలో కొవ్వు కనిపించదు. అందుకే ఈ జబ్బు ఇంత ఆలస్యంగా బయటపడుతుంది.

డాక్టర్ భోజనానికి 50,000 యూనిట్ల లైపేజ్, చిరుతిండికి అందులో సగం రాశారు. అంటే భోజనానికి 25,000వి రెండు క్యాప్సూల్స్: ఒకటి తొలి ముద్దతో, రెండోది భోజనం మధ్యలో. వేసుకునే సమయం దగ్గరే చాలామందికి మందు వృథా అవుతోంది. పరగడుపున వేసుకుంటే ఎంజైము తిండి రాకముందే పేగు దాటిపోతుంది, తిన్నాక వేసుకుంటే తిండే ముందు వెళ్లిపోతుంది. లోపలి గుళికలకు ఆమ్లాన్ని తట్టుకునే పూత ఉంటుంది. అది పీహెచ్ (ఆమ్లం కొలత, అంకె పెరిగేకొద్దీ ఆమ్లం తక్కువ) 5.5 దాటాక, చిన్నపేగులోనే కరగాలి. కాబట్టి నమలకూడదు, నమిలితే నోరు పూస్తుంది. మింగలేనివారు క్యాప్సూల్ విప్పి, గుళికలను చెంచాడు పుల్లటి పండు గుజ్జులో కలిపి వెంటనే మింగి, నీళ్లు తాగాలి. పాలలో కలిపితే పూత ముందే కరుగుతుంది. వేడి పానీయంతో అసలే వద్దు, వేడికి ఎంజైము చచ్చిపోతుంది.

మోతాదు సరిపోయినా నాకు జిడ్డు పూర్తిగా తగ్గలేదు. కారణం ఆమ్లం. దెబ్బతిన్న క్లోమం ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్‌నూ తక్కువగానే పంపుతుంది, దాంతో పేగు మొదట్లో పులుపు విరగక గుళికలు ఆలస్యంగా తెరుచుకుంటాయి. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మందు చేర్చాక తేడా స్పష్టంగా తెలిసింది.

కొవ్వు మానేయడం సరైన దారి కాదు. బరువు మళ్లీ రావాలంటే కొవ్వు తినాలి, దానికి తగ్గ ఎంజైమూ వేసుకోవాలి. కొవ్వులో కరిగే ఏ, డి, ఈ, కే విటమిన్లు తగ్గి ఉండొచ్చు గనుక రక్తపరీక్ష తప్పనిసరి. నాకు విటమిన్ డి విడిగా ఇచ్చారు. ముందు మలం రంగు, వాసన మారాయి, బరువు ఆ తర్వాత నెమ్మదిగా పెరిగింది.

ఇంకో మాట. తిండి బాగా ఒంటబడితే రక్తంలో చక్కెర కూడా పెరగొచ్చు. ఇన్సులిన్ వాడేవారు ఎంజైములు మొదలుపెట్టిన తొలి వారాల్లో చక్కెర తరచూ చూసుకుని, మోతాదు గురించి డాక్టర్‌తో మాట్లాడాలి.