వానలో గండికోట లోయలోకి

గండికోట గురించి ఎవరినడిగినా సూర్యోదయం చూడు, సూర్యాస్తమయం చూడు అంటారు. నన్నడిగితే ముసురు పట్టిన రోజు వెళ్ళమంటాను. ఎండలో ఫోటోలు బాగా వస్తాయి, కాదనను, కానీ ఆ ఎర్రబండల మీద మధ్యాహ్నం నడవడం ఎవరి తరం? అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే కడప వైపు కూడా ముసురు తగులుతుంది. మేము జమ్మలమడుగు నుంచి అలాంటి రోజే బయల్దేరాం, దారి పదిహేను కిలోమీటర్లే.

కోటలో జనం లేరు. మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తడిసి ముదురు రంగు తేలాయి. వాటిని ఎప్పుడైనా చూడొచ్చని సరాసరి లోయ అంచుకి వెళ్ళాం. అక్కడ గాలి కింద నుంచి పైకి కొడుతుంది, అంచు దగ్గర నిలబడితే వాన చినుకులు కూడా కింద నుంచే మొహానికి తగులుతున్నాయి, గొడుగు పట్టుకుని లాభం లేదు. చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, బండ తడిస్తే సబ్బు రాసినట్టే. అయినా సెల్ఫీల కోసం కాళ్ళు వేలాడేసుకుని కూర్చునేవాళ్ళు కూర్చుంటూనే ఉంటారు, వాళ్ళకి దండం.

లోయలోకి దిగేది దారి అనడానికి లేదు, బండల సందుల్లో కాలిజాడ, అంతే. మేకలు తోలుకుని పోతున్న ఒక పెద్దాయన మా బూట్లు చూసి, "రాయి జారతాది సామీ, కూచోని దిగండి" అన్నాడు. అదే చేశాం, చాలాచోట్ల కూర్చుని, చేతులు ఆనించి. ఇదంతా పొరలు పొరలుగా పడి గట్టిపడిన ఇసుక, కాలక్రమంలో క్వార్ట్‌జైట్ అనే రాయి అయింది. అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్ళు ఉండటం వల్ల గోడంతా ఎవరో పేర్చిన దిమ్మెల్లా కనిపిస్తుంది. వాన పడ్డప్పుడు ఆ పగుళ్ళలోంచి నీళ్ళు సన్నటి ధారలుగా జారతాయి, వాన ఆగిన కాసేపటికి అవీ ఆగిపోతాయి. ఈ కోటని ఏలిన పెమ్మసాని నాయకులు ఇక్కడే ఎందుకు పాతుకుపోయారో చెప్పడానికి గైడ్ అక్కర్లేదు, ఆ గోడ కింద నుంచి పైకి ఒకసారి చూస్తే చాలు.

అన్నట్టు, కింద నీళ్ళు నిండుగా ఉంటే అదంతా ఈ వాన వల్లేనేమో అనుకోకండి. ఈ లోయలో పారే పెన్న నది నంది కొండల్లో పుట్టి అనంతపురం మీదుగా వచ్చేసరికే చాలా ఏళ్ళలో నీరసించిపోతుంది. లోయకి ఎగువన గండికోట రిజర్వాయర్ ఉంది, 26.85 టీఎంసీలది, దానికి శ్రీశైలం నుంచి కృష్ణా వరద నీళ్ళు అవుకు రిజర్వాయర్ మీదుగా వస్తాయి. దిగువన మైలవరం డ్యామ్. మధ్యలో ఈ లోయ. అంటే మనం చూసే నీళ్ళలో కృష్ణ కూడా కలిసి ఉండొచ్చు. ఆ రిజర్వాయర్ కోసం తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళే మునిగిపోయాయి, ఫోటోలు పెట్టేవాళ్ళు ఆ మాట ఎత్తరు.

నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, లోతు ఎక్కడెంతో తెలీదు, ఎగువన రిజర్వాయర్ గేట్లు ఎత్తితే మట్టం మారుతుంది. ఉరుములుంటే అసలు లోయలోకే వద్దు. ఎక్కేటప్పుడు మోకాళ్ళు అరిగాయి గానీ దిగినప్పటి టెన్షన్ లేదు. తడి బట్టలతోనే జమ్మలమడుగు వచ్చి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం, ఆ టైముకి ఉగ్గాని ఇంకా మిగిలి ఉండటమే గొప్ప.