షెహిని దాటితే మెడికా

ఉక్రెయిన్‌లోని ల్వీవ్‌లో వైద్యం చదివిన ఆరేళ్లలో నాలుగేళ్లు ఒక మామ్మగారి ఇంట్లో అద్దెకున్నాను. 2010లో తొలిసారి పోలండ్ వెళ్తున్నానని చెప్పినప్పుడు ఆమె బీరువాలోంచి రెండు వస్తువులు తీసి చూపించారు. ఒకటి సోవియట్ కాలపు పొదుపు ఖాతా పుస్తకం, ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన రూబుళ్లు అందులో ఉన్నాయి. రెండోది తొంభైలలో చెలామణీ అయిన ‘కూపన్’ నోట్ల కట్ట. 1993లో ఉక్రెయిన్‌లో ధరలు ఒక్క ఏడాదిలోనే నూరు రెట్లకు పైగా పెరిగాయి. 1996లో కొత్త డబ్బు హ్రివ్నియా వచ్చినప్పుడు లక్ష కూపన్లకు ఒక్క హ్రివ్నియా ఇచ్చారు. ఆ ఖాతా పుస్తకాన్ని ఆమె ఇప్పటికీ పారేయలేదు.

మర్నాడు చిన్న బస్సులో ఉక్రెయిన్ సరిహద్దు ఊరు షెహిని వెళ్లి, సరిహద్దు నడిచి దాటి, పోలండ్ వైపు ఊరు మెడికాలో అడుగుపెట్టాను. ఆ నడకదారి పొడవునా మామ్మగారి వయసు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో రెండు సిగరెట్ పెట్టెలు, ఒక వోడ్కా సీసా. అప్పట్లో చట్టం అనుమతించింది అంతే. వాటిని పోలండ్ వైపు అమ్ముకుని, వచ్చిన నాలుగు రాళ్లతో వెనక్కి వెళ్లేవారు. ఆ వరుస చూసి నాకు దుఃఖం వచ్చింది. 1990లో ఈ రెండు దేశాల తలసరి ఆదాయం ఇంచుమించు ఒకటే. 2021 నాటికి డాలర్లలో చూస్తే పోలండ్‌ది మూడు రెట్లు దాటిపోయింది.

పోలండ్ వాళ్లు కష్టపడే జాతి, వీళ్లు కాదు అనే మాట చాలామంది నోట విన్నాను. నేను ఒప్పుకోను. ఆ వోడ్కా సీసాతో మంచులో నిలబడ్డ స్త్రీ కంటే కష్టజీవి ఎవరు?

నేను రైతు బిడ్డను కాబట్టి నా కన్ను ముందు భూమి మీద పడింది. పోలండ్‌లో కమ్యూనిస్టు పాలన ఉమ్మడి వ్యవసాయాన్ని రుద్దబోయింది, రైతులు లొంగలేదు, 1956 తర్వాత ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. 1989 నాటికి సాగుభూమిలో సుమారు ముప్పావు వంతు రైతుల చేతిలోనే ఉంది. 1990 జనవరి 1న ఆర్థిక మంత్రి బాల్సెరోవిచ్ ధరల మీద అదుపు ఒక్కసారిగా ఎత్తేసినప్పుడు, అమ్మడం కొనడం ఎరిగిన జనం అక్కడ పల్లెపల్లెనా ఉన్నారు. అదే ఏడాది మే నెలలో స్థానిక సంస్థలకు స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. మరుసటి ఏడాది అప్పిచ్చిన ప్రభుత్వాలు తమ బాకీలో సగం మాఫీకి ఒప్పుకున్నాయి. నొప్పి లేకపోలేదు. ఉత్తరాన, పడమరన ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాలు మూతపడి, వాటినే నమ్ముకున్న కుటుంబాలు ఏళ్ల తరబడి పని లేక నలిగిపోయాయి.

ఉక్రెయిన్‌లో ఉమ్మడి క్షేత్రాలను కాగితం మీద వాటాలుగా పంచారు. వాళ్లమ్మ నుంచి మామ్మగారికి వచ్చిన వాటా మన లెక్కలో రెండున్నర ఎకరాలు. దాన్ని అప్పట్లో అమ్మడానికి లేకపోయింది, 2001లో నిషేధం పెట్టారు. కౌలుకివ్వాల్సి వచ్చేది, కౌలు కూడా గోధుమలు, పంచదార, పొద్దుతిరుగుడు నూనె రూపంలో వచ్చేది. ఆ మాట విన్న రోజు మా ఊళ్లో గింజలు కొలిచే కౌలు గురించి ఆమెకు చెప్పాను. ఎకరానికి ఎన్ని బస్తాలని అడిగి, వేళ్ల మీద లెక్క వేసుకుని, మీవాళ్లే నయం అన్నారు.

భూమి ఇలా బిగుసుకుపోతే కర్మాగారాలు అధికారానికి దగ్గరివాళ్లకు చేరాయి. క్రివీ రీహ్‌లోని ఉక్కు కర్మాగారాన్ని 2004లో సుమారు 80 కోట్ల డాలర్లకు అమ్మారు. కొన్న కూటమిలో అప్పటి అధ్యక్షుడు కుచ్మా అల్లుడు ఉన్నాడు. ప్రభుత్వం మారాక ఆ అమ్మకాన్ని రద్దు చేసి, 2005లో టీవీలో అందరూ చూస్తుండగా వేలం వేస్తే మిట్టల్ సంస్థ 480 కోట్ల డాలర్లకు పాడింది. ఆ వేలం మామ్మగారు టీవీ ముందు కూర్చుని చూశారట. లెక్కల టీచరు కదా, తేడాను దేశంలోని ముసలివాళ్ల సంఖ్యతో భాగించి చూసుకున్నానని చెప్పారు. మార్కెట్ అంటే వేలమే అయినా, ఆ వేలం అందరి ఎదుటా జరగాలి. 2004లో అలా జరగకపోవడాన్ని నేను దొంగతనమనే అంటాను.

2022లో యుద్ధం మొదలయ్యాక, మార్చిలో నా తర్వాత చదువుకున్న తెలుగు పిల్లలు అదే షెహిని దారిలో గడ్డకట్టే చలిలో గంటల తరబడి నిలబడ్డారు. వాళ్లతో ఫోనులో మాట్లాడుతూ ఏ మలుపులో ఏముందో చెబుతుంటే నా గొంతు వణికింది.

భూమి అమ్మకం మీద నిషేధం 2021 జులై 1న తొలగింది. మామ్మగారి కొడుకు పోలండ్ నగరం వ్రోత్స్వాఫ్‌లో ఇళ్లు కట్టే పనిలో ఉన్నాడు, వాటా అమ్మేద్దామంటాడు. ఆమె ఒప్పుకోవడం లేదు. మొన్న ఫోను చేస్తే ఈసారి కౌలు డబ్బుగా ఇస్తామన్నారని, తాను మాత్రం గోధుమలే ఇమ్మన్నానని చెప్పారు.