మన గుట్టల బందారు, అరిజోనా కొండల పొదలు

ఎండాకాలంలో దేవరకొండ చుట్టుపక్కల గుట్టలు ఎక్కితే కనిపించేది కాలే రాయి, ఎండిన బోద గడ్డి, ఆకు రాలిన సీతాఫలం చెట్లు. ఆ మధ్యలో బందారు పొద మాత్రం మెరుస్తూ పచ్చగా నిలబడి ఉంటుంది. ఆకు నలిపితే వేళ్ళకు జిగురంటుతుంది. ఆకులోని తేమ ఎండకు ఎగిరిపోకుండా కాపాడేది ఆ జిగురే. వేరే మేత దొరికినంతకాలం మేకలు కూడా దాని జోలికి పోవు. మా తాత మేకల కొట్టం మీద కప్పడానికి బందారు కొమ్మలే కొట్టుకొచ్చేవాడు.

నేను కాలేజీలో బోటనీ చెప్తాను. తమ్ముడు అరిజోనాలోని ఫీనిక్స్‌లో ఉంటాడు. ఒకసారి ప్రెస్కాట్ వైపు పోతూ ఫోన్ చేసి "అక్కా, ఈడ అచ్చం మన గుట్టలే ఉన్నయ్" అన్నాడు. ఫొటోలు పంపమన్నాను. కింద ముళ్ళ చెట్ల ఎడారి, ఎత్తు మీద పైన్ చెట్ల అడవి, రెంటికీ నడుమ వాలంతా మనిషెత్తు పొదలు. దాన్ని చాపరాల్ అంటారు. అక్కడ ఎక్కువగా ఉండేది పొద ఓక్. దాని ఆకు అంగుళం అటూ ఇటూ, మందంగా, అంచున ముళ్ళతో ఉంటుంది. ఎర్రటి నున్నని బెరడుతో మంజనీటా అనే పొద కూడా ఉంటుంది. చలికాలంలో కొంత, జులై ఆగస్టుల్లో కొంత వాన పడుతుంది. మిగతా నెలలు ఆ పొదలు రాతి సందుల్లోకి లోతుగా దిగిన వేళ్ళతోనే నెట్టుకొస్తాయి, ఆకు మాత్రం రాల్చవు.

నాకు ఎక్కువ సంతోషం కలిగించిన సంగతి వేరే ఉంది. మన బందారు, డోడోనియా విస్కోసా, అరిజోనా దక్షిణాన రాళ్ళ వాలుల మీద కూడా సొంతంగా పెరుగుతుంది. అదే జాతి, అవే జిగురాకులు, అవే రెక్కల కాయలు. క్లాసులో ఇది చెప్పినప్పుడు, ఇన్నాళ్ళూ "ఉత్త కంప" అన్న పిల్లలే మళ్ళీ ఒకసారి గుట్ట వైపు చూశారు.

చాపరాల్‌కు మంట కొత్త కాదు. కాలిన ఓక్ మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. మంజనీటా గింజలు ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉండి, మంట తర్వాతే మొలుస్తాయి. ఆ మంట చిన్నది కాదు. 2013 జూన్‌లో అరిజోనాలోని యార్నెల్ అనే ఊరి దగ్గర పిడుగుతో అంటుకున్న మంట, 30వ తేదీన గాలి తిరగడంతో 19 మంది అగ్నిమాపక సిబ్బందిని బలి తీసుకుంది. ఇంత ఓర్చుకునే పొదలు కూడా రెండు మంటల మధ్య చాలా ఏళ్ళ వ్యవధి ఉంటేనే బతుకుతాయి. వెంటవెంటనే మళ్ళీ మళ్ళీ కాలిస్తే గింజ పట్టే వయసు రాకముందే మొక్క పోతుంది, మిగిలేది గడ్డే.

మన దగ్గర కొత్త గడ్డి వస్తుందని చాలామంది ఏటా గుట్టకు నిప్పు పెడతారు. నాకు కడుపు మండేది ఇక్కడే. తంగేడు మళ్ళీ చిగురిస్తుంది, సరే. బందారు, బలుసు, కలే మొలకలు జానెడు లేవకముందే కాలిపోతే రేపటి పొద ఎక్కడిది? మన్ను పట్టుకునే వేరు ఉండదు, మొదటి వానకే ఎర్రమట్టి కుంటలోకి దిగుతుంది. అరిజోనాలో 1950లు, 60లలో వాగుల్లో నీళ్ళు పెరగాలని కొన్ని వాలుల మీద పొదల్ని మందు కొట్టి చంపి గడ్డి పెంచి చూశారు. నీళ్ళు పెరిగాయి, కానీ వాటిలో నైట్రేటు (ఎక్కువైతే తాగే నీళ్ళను పాడుచేసే లవణం) కూడా పెరిగింది.

మా పిల్లలతో కలిసి బందారు గింజలు ఏరుతున్నాను. గింజ పైపొర గట్టిది, అట్లాగే వేస్తే సరిగా మొలవదు. వేడినీళ్ళు పోసి చల్లారేదాకా ఉంచి వేస్తే బాగా వస్తుంది. మృగశిర కార్తె వానలకు గుట్ట మొదట్లో రాళ్ళ వరుసల వెనక వేస్తాం. మీ ఊరి గుట్ట మీద కూడా వేయాలనుకుంటే కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండినప్పుడు కోసుకోండి. అక్కడ మేకలు కాసేవాళ్ళతో ముందే మాట్లాడి, రెండు మూడేళ్ళు నిప్పు పెట్టకుండా ఒప్పించండి.