ఎడమ పక్క పట్టేసింది

హన్మకొండ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాకు 5 కిలోమీటర్లకు 27 నిమిషాలు పట్టేది. పోయిన ఏడాది జూలైలో అది 29 అయింది. వానాకాలం, ఉక్కపోత, అందుకే అనుకున్నా. ఆగస్టులో 32. బడిలో పని ఎక్కువైంది, నిద్ర సరిపోవట్లేదు, అందుకే అనుకున్నా. నేను ప్రభుత్వ బడిలో లెక్కల సారును. ముందే జవాబు రాసేసుకుని, దానికి తగ్గట్టు లెక్క అల్లే పిల్లల మీద గొంతు చించుకుంటాను. ఆ రెండు నెలలూ నేను చేసింది అచ్చం అదే.

పరుగు అలవాటైనవాళ్లకు నొప్పిని పట్టించుకోకపోవడం ఒక గొప్ప. పిక్క పట్టేసినా, కాలిగోరు నల్లబడి ఊడిపోయినా ఆగలేదని నలుగురిలో చెప్పుకుంటాం. నేనూ ఆరేళ్లుగా చెప్పుకున్నవాణ్ణే. అందుకే ఎడమ పక్కటెముకల కింద గట్టిగా ఊపిరి పీల్చినప్పుడల్లా సూది గుచ్చినట్టవుతుంటే, రెండో కిలోమీటరుకల్లా సర్దుకుంటుందిలే అనుకుని ఇంకో నెల ఈడ్చాను. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొడి దగ్గు. రాత్రిళ్లు తలగడ తడిసిపోయేది, ఆ సంగతి మా ఆవిడ గలీబు మార్చేటప్పుడు చూసింది.

"ఉరికొచ్చినప్పుడు చెమట పడితే సరే. పండుకున్నప్పుడు ఎందుకు పడుతుందండీ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వీధి చివరి క్లినిక్‌లో వైరల్ జ్వరమన్నారు. ఐదు రోజుల మందులు, తగ్గకపోతే ఇంకో ఐదు రోజులు. ఆ డాక్టరును ఏమనాలి? పరుగు మందగించిందన్న ముక్క నేనే ఆయనకు చెప్పలేదు. చెబితే మానేయమంటాడని భయం.

చివరికి సెప్టెంబరులో ఒకరోజు మేడ మీది తొమ్మిదో తరగతికి మెట్లెక్కి వెళ్లి, బోర్డు మీద సిద్ధాంతం రాస్తూ ఒక్క వాక్యం గట్టిగా చదవలేకపోయాను. "కూర్చోండి సార్" అని ముందు బెంచీ పిల్ల కుర్చీ జరిపింది. ఆ మధ్యాహ్నమే ఎక్స్‌రే తీయించుకున్నా. కుడివైపు ఊపిరితిత్తి నల్లగా శుభ్రంగా ఉంది. ఎడమవైపు కింది సగం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

నీరు చేరిందన్నారు. మామూలుగా ఊపిరితిత్తుల్లో నీరు అంటాం గానీ, నిజానికి అది లోపల కాదు, ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య ఉండే రెండు పొరల నడుమ చేరుతుంది. చేరినకొద్దీ ఊపిరితిత్తిని నొక్కేస్తుంది. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు బల్ల మీద దిండు వేసి దాని మీదికి వంగమన్నారు. వీపు మీద రెండు పక్కటెముకల మధ్య మత్తు సూది, తర్వాత పెద్ద సూది. నొప్పి కన్నా ఆ నొక్కుడు ఎక్కువ భయపెట్టింది. గొట్టంలోంచి ఎండుగడ్డి రంగు నీళ్లు సీసాలోకి దిగుతుంటే నర్సు పైకే లెక్క చెబుతోంది: రెండొందలు, నాలుగొందలు, ఆరొందలు. తొమ్మిదొందల దగ్గర ఆగకుండా దగ్గు వచ్చింది. అణిగిన ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకుంటోందన్నమాట. ఇంత నీళ్లు మోసుకుంటూ కట్ట మీద ఉరికానా అని ఆ స్థితిలోనూ కాస్త గర్వం కలిగింది. సిగ్గులేని గర్వం.

ఆ నీళ్ల పరీక్షలో ఏడీఏ అనే ఎంజైమ్ ఎక్కువుంది. మిగతా పరీక్షలూ కలిపి చూసి, పైపొరకు టీబీ అని తేల్చారు. తెమడలో క్రిమి కనబడలేదు, ఇంట్లోవాళ్లకు పెద్దగా భయం లేదన్నారు. అయినా అమ్మ నా కంచం, గ్లాసు వేరే పెట్టింది. చుట్టాలు ఫోన్ చేస్తే "నిమోనియా" అని చెప్పింది. మా తాత కాలంలో క్షయ అంటే ఊరి బయట గుడిసె వేసేవాళ్లట, ఆమెను తప్పు పట్టలేను.

మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపిన మాత్ర, ఆపైన నాలుగు నెలలు అందులోంచి పైరాజినమైడ్ అనే మందు తీసేసినది. 56 కిలోలకు దిగిన నాకు రోజుకు నాలుగు మాత్రలు, పొద్దున పరగడుపున. సరిగ్గా నేను బూట్లు తొడుక్కునే వేళకు. మందులు సర్కారువి, ఉచితం. తిండికని నెలకు 1000 రూపాయలు ఖాతాలో పడతాయి, వాటికి గుడ్లు కొన్నాం. ఆ మాత్రలోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని చెప్పే పంపారు, అయినా మొదటిసారి చూసి అదిరిపడ్డా. ఇథాంబ్యుటాల్ కళ్లకు చేటు చేయొచ్చు, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే రమ్మన్నారు. దాంతో బండి మీద వెళ్తూ అదాలత్ సెంటర్ సిగ్నల్ దగ్గర ప్రతిరోజూ నాకు నేనే కంటి పరీక్ష పెట్టుకున్నా. పైరాజినమైడ్‌తో యూరిక్ యాసిడ్ పెరిగి మోకాళ్లు, మడమలు సలిపేవి. ఉరకకుండానే మారథాన్ నొప్పులు!

నవంబరు చివర్లో ఆ మందు ఆగాక కీళ్లు తేలికపడ్డాయి. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు నడుచుకుంటూ పోవడం మొదలుపెట్టా. అక్కడ కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఉంటారు. పోయిన నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. కొత్తది ఎప్పుడొచ్చినా అదే ఉంటుందని వాళ్ల లెక్క. నేను ఊరికే కూర్చోలేక వాళ్లకు స్టాప్‌వాచ్ పట్టాను. ఒకడు 7:18కి వచ్చి గడ్డిలో పడ్డాడు.

"ఎడమ పక్క పట్టేసింది సార్."

గుండె గుభేల్‌మంది. "ఎన్ని రోజుల నుంచి? సాయంత్రం జ్వరం వస్తుందా? రాత్రి చెమటలు?"

"లేద్సార్. ఉరికే ముందు మూడు ప్లేట్ల ఇడ్లీ తిన్న."

పక్కనున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, పక్క నొప్పెట్టేదాకా.

మార్చి ఆఖరుకు కోర్సు అయిపోయింది. ఆఖరి ఎక్స్‌రేలో ఎడమవైపు అడుగున పొర కొద్దిగా మందంగా మిగిలింది, అది మచ్చలాంటిదే, ఉండిపోవచ్చన్నారు. బరువు 60కి వచ్చింది. కట్ట మీద ఇప్పుడు 5 కిలోమీటర్లకు 33 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు నడక. గట్టిగా పీలిస్తే ఆ అడుగున ఇంకా లాగుతుంది. లాగిన సంగతి ఇంటికొచ్చి మా ఆవిడకు చెబుతున్నా, ఆమె డైరీలో రాస్తోంది.

కంచం మళ్లీ అందరి కంచాల్లో కలిసింది. అమ్మ మాత్రం అడిగినవాళ్లకు ఇప్పటికీ నిమోనియా అనే చెబుతోంది.