మోస్క్‌తో నా కుస్తీ

వైద్యం చదవడానికి రష్యా బయలుదేరే మన పిల్లలకు అందరూ చెప్పే ధైర్యం ఒకటే: పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి, భయం లేదు. వార్డులోకి వెళ్లే వరకు అది నిజమే. ఆ తర్వాత, మంచం మీదున్న బామ్మకు ఇంగ్లీషు రాదు, ఆమెకు సూది వేసే నర్సుకూ రాదు. అందుకే న్యూరాలజీ వార్డుకు పంపే ముందు మా రష్యన్ టీచరు ఒక్కో అవయవం పేరునూ ఆరు విభక్తుల్లో అప్పజెప్పించుకునేవారు. వాటిలో నన్ను బాగా సతాయించింది మెదడు.

రాసేది మోజ్గ్, పలికేది మోస్క్. పదం చివర గ్ వస్తే రష్యన్ నోట క్ అవుతుంది, దాని ముందున్న జ్ కూడా స్ అయిపోతుంది. మన సరళాదేశ సంధికి సరిగ్గా తలకిందులన్నమాట. విభక్తి ప్రత్యయం చేరగానే అసలు రూపం బయటపడుతుంది. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిపోతే ‘సత్ర్యసేనియె మోజ్గ’ అంటారు. అందులో మోజ్గ షష్ఠి.

ఇంతవరకు సులువే. చిక్కంతా ఊనిక దగ్గర, అంటే పదంలో ఏ అక్షరాన్ని నొక్కి పలకాలన్న దగ్గర వచ్చింది. ‘మెదడుకు’ అనడానికి మోజ్గు. ‘మెదడులో’ అనడానికి మజ్గూ. రాతలో రెండూ ఒకటే, అక్షరం తేడా లేదు. ఊనిక మొదట పడితే ఓ వినిపిస్తుంది, చివర పడితే ఆ ఓ కాస్తా అ అయిపోతుంది. పైగా దిశను బట్టి విభక్తి మారుతుంది: గడ్డ మెదడులో ఉంటే ‘వ్ మజ్గూ’, రక్తం మెదడులోకి చిమ్మితే ‘వ్ మోస్క్’. మనం ‘లో’, ‘లోకి’ అని తేలిగ్గా తేల్చేసే విషయం అక్కడ ప్రాణం మీదికి వచ్చే తేడా. ఈ జంటను బట్టీ పడితే రాలేదు. కేస్ షీట్లను పైకి చదువుతూ పోతే వచ్చింది.

అలా చదువుతుండగానే మరో వింత తగిలింది. మెదడు ‘గలవ్నోయ్ మోస్క్’, అంటే తల మోస్క్. వెన్నుపాము ‘స్పిన్నోయ్ మోస్క్’, వీపు మోస్క్. ఎముక మజ్జ ‘కోస్నీ మోస్క్’. మనకు మూడు మాటలున్న చోట వాళ్లకు ఒక్కటే. ఎందుకని తవ్వితే తేలిందేమిటంటే, ఆ మూలధాతువుకు మొదటి అర్థం ఎముక లోపలి గుజ్జు అట. పుర్రె కూడా ఎముకే కదా! ప్రాచీన ఇరానీ భాష అవెస్తాలో మజ్గ, సంస్కృతంలో మజ్జన్, ఇంగ్లీషులో మారో, అన్నీ ఆ ఇంటివే. ఆయుర్వేదం శరీరంలోని ఆరో ధాతువుగా లెక్కించే మజ్జ, నేను కుస్తీ పడుతున్న మోజ్గ్ దాయాదులన్నమాట. సంస్కృతం జ్గ్‌లోని మొదటి ధ్వనిని (ఇంగ్లీషు z లాంటిది) మింగేసి, గకారం మారి వచ్చిన జకారాన్ని ద్విత్వం చేసుకుంది, స్లావ్ భాషలు దాన్ని అలాగే దాచుకున్నాయి. గూటికి మన కావ్యాల్లో నీడము అంటే రష్యన్‌లో గ్నెజ్దో అనడమూ ఇదే కథ. పారశీకులైతే రెండు హల్లులనూ అటూ ఇటూ మార్చి మగ్జ్ అన్నారు. హైదరాబాద్ హోటళ్లలో వేపుడు చేసి పెట్టే మగజ్ అదే. మెదడు మాత్రం అచ్చంగా ద్రావిడం, కన్నడంలో దాని తోబుట్టువు మిదుళు.

బహువచనం మజ్గీ మాత్రం నాకు ఇట్టే పట్టుబడింది, ఎందుకంటే అది వీధి భాష. బుద్ధి, తెలివి, బుర్ర అన్నీ అందులోనే. మేధోవలసను ‘ఉతేచ్క మజ్గోఫ్’ అంటారు, మెదళ్లు కారిపోవడం. ‘బుర్రకు పౌడరు పూయకు’ అంటే మాయమాటలు చెప్పకని. మనం బుర్ర తింటాం, వాళ్లు ఏకవచనంలో మెదడును బయటికి మోసుకుపోతారు. ఈ చివరిది నేర్పింది పుస్తకం కాదు, హాస్టల్ వార్డెన్.

మౌఖిక పరీక్షలో పక్షవాతం రోగి చరిత్ర చెప్పమన్నారు. ‘వ్ మోస్క్’, ‘వ్ మజ్గూ’ రెండూ సరైన చోటే పడ్డాయి. టీచరు తల ఊపి తర్వాతి అవయవం రాసుకోమన్నారు: కాలేయం, పేచెన్. స్త్రీలింగం, చివర మెత్తని న్, పుట్టుక చూస్తే కాల్చడానికి, పొయ్యికి చుట్టం. మళ్లీ ఆరు విభక్తులు.