పీణ్యలో ఒక పాత 8751ను మార్చిన అనుభవం

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో, హిందూపురం నుంచి వచ్చి స్థిరపడిన మా బంధువు ఒకాయనకు కాయిల్ వైండింగ్ షెడ్డు ఉంది. అక్కడ చుట్లు లెక్కపెట్టే పాత కంట్రోలరు, మధ్యాహ్నం వేడెక్కగానే లెక్క తప్పడం మొదలుపెట్టింది. మూత విప్పితే లోపల ఇంటెల్ 8751హెచ్ అనే మైక్రోకంట్రోలరు ఐసీ, అంటే ప్రోగ్రామును తనలోనే దాచుకుని నడిచే చిన్న కంప్యూటరు చిప్పు, కనిపించింది. అతినీలలోహిత కిరణాలతో ప్రోగ్రామును చెరపడానికి ఆ ఐసీ పైన చిన్న క్వార్ట్జ్ కిటికీ ఉంటుంది. దాన్ని కప్పిన స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది. ట్యూబ్‌లైటు వెలుతురు సైతం ఏళ్ల తరబడి పడితే ప్రోగ్రామును నిలిపి ఉంచే లోపలి విద్యుదావేశం కారిపోయి, సున్నాలు ఒకట్లవుతాయి.

"నలభై కాళ్ల ఐసీనే కదప్పా, పెరికి ఇంకోటి పెడితే పోలేదా?" అన్నాడాయన. నేనూ దాదాపు అలాగే అనుకున్నాను.

ముందుగా కిటికీకి నల్ల టేపు అంటించి, ప్రోగ్రామరు (ఐసీలోని ప్రోగ్రామును చదివి, రాసే పరికరం)తో అందులోని 4096 బైట్లనూ చదివాను. బయటివారు చదవకుండా అడ్డుకునే సెక్యూరిటీ బిట్టు వేయకపోవడం మా అదృష్టం. 5 వోల్టుల వద్ద చదివిన ప్రతిసారీ రెండు బైట్లు మారుతుండగా, 4.5 వోల్టులకు తగ్గించి చదివితే మూడుసార్లూ ఒకేలా వచ్చాయి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారైన ఎస్.పి. రోడ్డులో, అవే పిన్నులున్న కొత్త తరం ఐసీ ఏటీ89ఎస్51 కొని, ఆ బైట్లను అందులోకి ఎక్కించి, బేసులో పెట్టాను.

బోర్డు పలకలేదు. 40వ పిన్నుకు 5 వోల్టులు అందుతున్నాయి, 9వ పిన్ను వద్ద రీసెట్ సరిగానే ఉంది, లోపలి ప్రోగ్రామునే నడపమని చెప్పే 31వ పిన్ను 5 వోల్టుల వద్దే ఉంది. అయినా ఐసీ నడుస్తుంటే మామూలుగా పల్సులు వచ్చే 30వ పిన్ను, అంటే ఏఎల్ఈ మీద ఒక్క పల్సూ లేదు. అంటే ఐసీ పనికి తాళం వేసే క్లాకే లోపల నడవడం లేదన్నమాట. ట్రాకుల వెంట పోయి చూస్తే, ఈ బోర్డు తయారుచేసినవారు క్లాకు పుట్టించే క్రిస్టల్‌ను ఐసీకి నేరుగా కలపకుండా, వేరే ఆసిలేటరు నుంచి 12 మెగాహెర్ట్జ్ క్లాకును 18వ పిన్నుకిచ్చి, 19వ పిన్నును గ్రౌండు చేశారు. ఎన్‌మాస్ అనే పాత రకం తయారీతో వచ్చిన ఐసీకి అదే పద్ధతి. కొత్తది సీమాస్ అనే వేరే రకం తయారీ గనుక దానికి క్లాకును 19కి ఇచ్చి, 18ని ఖాళీగా వదిలేయాలి. రెండు ఐసీల డేటాషీట్లలోనూ (తయారీదారు ఇచ్చే వివర పత్రాలు) ఉన్న సంగతే ఇది. పిన్నుల పేర్లు కలిశాయని అంతటితో చూడటం ఆపేశాను.

రెండు ట్రాకులు కోసి, సన్నని తీగతో క్లాకును 19కి సాల్డరింగ్ చేయగానే ఏఎల్ఈ మీద 2 మెగాహెర్ట్జ్ కనిపించింది. ఆ రోజు సాయంత్రం దాకా ఒక్క చుట్టూ తప్పలేదు. ఇక పాత ఐసీ ఈ బోర్డులో పనిచేయదు కాబట్టి, ఆ మాట ఒక కాగితం మీద రాసి మూత లోపలివైపు అంటించి వచ్చాను.