కొట్టుగది పడగొట్టాక

కిందటి వేసవిలో నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి రాస్తున్నాను. చదివింది సివిల్, చేసేది సాఫ్ట్‌వేర్. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది మీకు తేలిగ్గా అర్థమవుతుంది.

కొవ్వూరు దగ్గర మా తాతగారు కట్టించిన ఇల్లు ఉంది. వరండాకి ఇటుకా సున్నంతో కట్టిన మూడు కమాన్లు, ఒక చివర ఇంటి గోడ, రెండో చివర కొట్టుగది. ధాన్యం బస్తాలు వేసే రోజులు ఎప్పుడో పోయాయి, ఆ గది తీసేస్తే కారు పెట్టుకోవచ్చు కదా అని పడగొట్టించేశాను. నెలన్నర తిరక్కుండానే అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, చివరి కమానుకి నడిమధ్య కింద నుంచి బీట తీసిందిరా, చిటికెనవేలు దూరుతోంది" అంది.

పరిగెత్తుకెళ్లాను. ఊళ్లో పెద్ద మేస్త్రి ఒకాయన వచ్చి, బీట వైపు ఒక్కసారి చూసి, గది ఉండాల్సిన ఖాళీ జాగా వైపు చాలాసేపు చూశాడు. "ఏమండీ అబ్బాయిగారూ, ఆ గది ఊరికే ఉందనుకున్నారా? ఇన్నేళ్లూ మీ కమాను దాన్ని ఆనుకునే నిలబడింది" అన్నాడు. సెకండియర్ పుస్తకం మొత్తం అప్పుడు గుర్తొచ్చింది.

గుమ్మానికి మామిడాకుల తోరణం కడతాం కదా, ఆ తాడు మధ్యలో జారి వంపు తిరిగి, రెండు చివర్లా మేకుల్ని లోపలికి లాగుతూ ఉంటుంది. తాడుకి లాగడం తప్ప ఇంకోటి చేతకాదు, దాని మీద పడే బరువుకి తగ్గ వంపు అదే తెచ్చుకుంటుంది. ఇప్పుడు ఆ వంపుని ఉన్నదున్నట్టు తలకిందులు చేసి రాయితో కట్టామనుకోండి, లాగుడంతా నొక్కుడైపోతుంది, లోపలికి లాగిన మేకుల చోట పాదాలు బయటికి నెడతాయి. ఈ సంగతి ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1675లో గొలుసుని పెట్టి చెప్పాడు, అదీ అక్షరాలు కలగాపులగం చేసి, ఎవరూ కాపీ కొట్టకుండా. (పేపర్ దాచుకుని పరీక్ష రాసేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు.)

రాయికీ ఇటుకకీ నొక్కుడంటే లెక్కలేదు, లాగితే మాత్రం పుటుక్కున విరుగుతాయి. రాతి దూలం అడ్డంగా వేస్తే బరువుకి కింది అంచు సాగాలని చూస్తుంది, అక్కడే పగులుతుంది. అందుకే వేయిస్తంభాల గుడిలో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఉంటాయి, ఓరుగల్లు కోటలోని తోరణం కూడా పేరుకే తోరణం, పనిచేసేది దూలాలూ, వాటిని మోసే బ్రాకెట్లే. అదే కమానులో రాళ్లన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి కాబట్టి మధ్యలో స్తంభం లేకుండా ఎంతో దూరం దాటిస్తుంది. కాకపోతే బరువు ఎక్కడికీ పోలేదు. వంపు వెంట జారి పాదాల దగ్గరికి వచ్చి కిందికీ నొక్కుతుంది, పక్కకీ తోస్తుంది.

ఎంత తోస్తుందో మా వరండా పక్కనే కూర్చుని ఉజ్జాయింపుగా లెక్కేశాను. కమాను వెడల్పు 8 అడుగులు, వంపు ఎత్తు 2 అడుగులు, మీద బరువు సమంగా పరుచుకుని మొత్తం 2 టన్నులు అనుకుందాం. ఒక్కో పాదం కిందికి మోసేది 1 టన్ను. పక్కకి తోసేది బరువుని వెడల్పుతో హెచ్చించి, ఎత్తుకి 8 రెట్లతో భాగిస్తే వస్తుంది, అదీ 1 టన్నే! వంపు ఎత్తు 4 అడుగులుంటే ఆ తోపు అర టన్నుకి పడిపోతుంది, అందంగా ఉంటుందని 1 అడుగుకి తగ్గిస్తే 2 టన్నులవుతుంది. తోరణం తాడు బిగించి కట్టిన కొద్దీ మేకులు ఊడొచ్చేది కూడా ఇందుకే.

మరి మూడు కమాన్ల మధ్య ఉన్న స్తంభాలు అంత సన్నగా ఉండి ఎలా తట్టుకున్నాయంటే, ఎడమ కమాను కుడికీ, కుడి కమాను ఎడమకీ తోసుకుని సరిపెట్టుకుంటాయి. తేలనిది చివర్లదే. మూసీ మీద 1578లో కట్టిన పురానాపూల్‌లో కమాన్లన్నీ వరసగా ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసినట్టుంటాయి, ఆఖరి తోపు గట్టుకి చేరుతుంది. నేను మా ఇంటి గట్టుని పడగొట్టాను.

నాకు టెన్షన్‌గా ఉంది గానీ (ఇది ఇంజినీరింగులో లాగుడుకి వాడే టెన్షన్ కాదు) మేస్త్రి నిదానంగా ఉన్నాడు. పాదం జరిగితే నడినెత్తిన ఒకటి, పాదాల దగ్గర చెరొకటి, మూడు చోట్ల బీటలు తీస్తుంది, మూడు పగుళ్లతో కూడా కమాను నిలబడగలదు, నాలుగోది పడాల్సిన చోట పడితేనే కూలుతుంది. నాలుగోది ఇంకా రాలేదు. సరుగుడు బాదులు ఆసరాగా నిలబెట్టి, కింద చెక్కలు బిగించాడు. అన్నట్టు ఇప్పుడు మనం చదును స్లాబుకి కూడా 'సెంట్రింగ్' అంటున్నామే, ఆ మాట మొదట కమాన్లు కట్టేటప్పుడు కింద పెట్టే చెక్క వంపుదే. ఆఖరి రాయి బిగిసేదాకా కమాను తనంతట తాను నిలబడలేదు.

మళ్లీ గది కట్టాలా అని అడిగితే అక్కర్లేదన్నాడు. కమాన్ల పాదాల ఎత్తులో ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక ఇనుప చువ్వ వేసి, రెండు వైపులా ఇనుప పలకలు పెట్టి, నట్టు బిగించాడు, అంతే. పాదాలు దూరంగా జరగబోతే చువ్వ పట్టుకుంటుంది.

హైదరాబాద్‌కి తిరుగు ప్రయాణంలో రాజమండ్రి వెళ్లి రైలెక్కాను. 1997 నుంచి రైళ్లు నడుస్తున్న కమాన్ల వంతెన మీద, తొంభై మీటర్లు దాటిన ఒక్కో కమాను కిటికీ పక్కనుంచి లేచి పడుతుంటే నవ్వొచ్చింది. 28 కమాన్లున్నాయి, నది మధ్యలో నిలబడ్డ స్తంభాల మీద ఒక్కటి కూడా పక్కకి బలంగా తొయ్యదు. రైలు వెళ్లే కాంక్రీటు డెక్కే చువ్వ, దాని లోపల స్టీలు తీగలు బిగలాగి పెట్టారు. డెక్కు కమానుకి వేలాడుతుంది, కమాను పాదాల్ని డెక్కు పట్టి ఉంచుతుంది, స్తంభం మీదకి దాదాపు నేరుగా దిగే బరువే వస్తుంది. ఫారసీలో కమాన్ అంటే విల్లు. చార్‌కమాన్ దగ్గర టీ తాగినప్పుడెప్పుడూ తట్టలేదు గానీ, అల్లెతాడు కట్టిన కమాను గోదావరి మీద ఉంది.

మొన్న వీడియో కాల్‌లో బీట చూపించమంటే అమ్మ ఫోన్ అటు తిప్పింది. సున్నం పూసేశారు, బీట కనపడలేదు. చువ్వ మీద రెండు తువ్వాళ్లూ, నాన్న పంచె ఆరేసి ఉన్నాయి.